మీ పాట ఎక్కడ పుట్టిందని అడిగితే ఏం చెప్పాలి

నాది విజయవాడ సింగ్‌నగర్. పగలు ఆటోనగర్‌లో ఒక టింకరింగ్ షెడ్డులో బండ్ల సొట్టలు తీస్తాను. రాత్రిళ్లు పాటలు రాసి ఫోన్‌లో రికార్డు చేస్తాను. ఇప్పటికి పదకొండు పాటలు బయటికి వచ్చాయి. ర్యాప్ ఎలా రాయాలి, బీట్ ఎలా కట్టాలి అని చెప్పేవాళ్లు చాలామంది దొరికారు. పాట వచ్చాక ఎవరైనా మైకు పట్టుకుని "అన్నా, దీనికి ఇన్‌స్పిరేషన్ ఏంటి?" అని అడిగితే ఏం చెప్పాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. మన పేటల్లో కొత్తగా పాడుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు అక్కడే తడబడటం చూస్తున్నాను. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నన్ను మొదటిసారి అడిగింది 2022లో. బెంజి సర్కిల్ దగ్గర ఒక చిన్న గదిలో కెమెరా ముందు కూర్చోబెట్టారు. నా నాలుగో పాట అప్పుడే నాలుగు చోట్ల వినపడుతోంది. "ఇన్‌స్పిరేషన్ ఏంటి?" అన్నాడు ఇంటర్వ్యూ చేస్తున్న అబ్బాయి. "లైఫే బ్రో. మన లైఫే మనకి ఇన్‌స్పిరేషన్" అన్నాను. అతను తలూపి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాడు.

రెండు రోజులకు వీడియో వచ్చింది. షెడ్డులో మధ్యాహ్నం భోజనాలప్పుడు అందరం కలిసి చూశాం. అయిపోయాక మా మేస్త్రి క్యారేజీ గిన్నెలు సర్దుకుంటూ ఒక్క మాట అడిగాడు. "ఆ దెబ్బ నాది కదరా?"

ఆయనదే. మా మేస్త్రి రేకు మీద రెండు దెబ్బలు వేసి, మూడోది పక్కనున్న ఇనప దిమ్మ మీద వేస్తాడు. సొట్ట ఎంత లేచిందో కన్ను చూసుకునేదాకా చెయ్యి ఆగకుండా ఉండటానికి ఆ మూడో దెబ్బ. టక్, టక్, టింగ్. పదహారేళ్ల వయసులో నేను షెడ్డులో చేరిన రోజు నుంచి అదే వింటున్నాను. ఆ పాట పల్లవి నడక మొత్తం ఆ మూడు దెబ్బలే. పల్లవిలో అందరికీ నచ్చిన మాట కూడా ఆయనదే. నుజ్జయిపోయిన ఒక కారు డోరును చూసి ఏడుపు మొహం పెట్టిన కస్టమర్‌తో "సాయంత్రానికి లేచి నిలబడుద్ది, మీరు ఇంటికెళ్లండి" అన్నాడు ఒకరోజు. నేను దాన్ని లారీ యాక్సిడెంట్ తర్వాత మంచం దిగిన మా నాన్న మీద పెట్టి రాశాను. ఇంత చెప్పాల్సిన చోట "లైఫే బ్రో" అని వచ్చాను.

ఆయన కోపంగా అడగలేదు. అందుకే ఎక్కువ బాధేసింది. ఇన్‌స్పిరేషన్ గురించి చెప్పడం అంటే బాకీ ఒప్పుకోవడమని నాకు ఆ రోజు తెలిసింది. ఎవరి దగ్గర ఏం తీసుకున్నామో నలుగురిలో చెప్పాలి. కింద రాసే పద్ధతులన్నీ ఆ లెక్క సరిగా పెట్టుకోవడం కోసమే.

లేగోస్ నుంచి వచ్చిన కుర్రాడు

ఈ విషయంలో నాకు దారి చూపించింది నైజీరియా వాళ్లు. 2023 ఎండాకాలంలో అక్కడి పెద్ద నగరం లేగోస్ నుంచి వచ్చి మంగళగిరి వైపు చదువుకుంటున్న ఒక కుర్రాడు బైకు ట్యాంకుకు పడ్డ సొట్ట తీయించుకోవడానికి మా షెడ్డుకొచ్చాడు. పని అయ్యేదాకా బల్ల మీద కూర్చుని ఫోన్‌లో పాటలు పెట్టుకున్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ మా మేస్త్రి చెయ్యి ఆ పాటకు తగ్గట్టు పడటం మొదలైంది. ఏం పాటలివి అని అడిగితే "స్ట్రీట్ హాప్" అన్నాడు. ఆ తర్వాత ఆదివారాలు వచ్చి కూర్చునేవాడు. మొదట్లో నన్ను బ్రో అనేవాడు, చదువు ముగించుకుని వెళ్లేనాటికి అన్నా అంటున్నాడు.

అతను చెప్పినవి, ఆ తర్వాత నేను వెతుక్కుని చదివినవి కలిపి కొంచెం చెబుతాను. స్ట్రీట్ హాప్ అంటే లేగోస్ పేటల పాట. ఇంగ్లీషులో ర్యాప్ చేస్తేనే గౌరవం అనుకునే రోజుల్లో లార్డ్ ఆఫ్ అజాసా లాంటివాళ్లు తమ సొంత భాష యొరూబాలో ర్యాప్ చేశారు. తర్వాత డాగ్రిన్ 2009లో తెచ్చిన ఆల్బమ్‌తో అది ఇంటింటికీ చేరింది. ఆ మరుసటి ఏడాదే, 2010 ఏప్రిల్‌లో, కారు ప్రమాదంలో అతను చనిపోయాడు. బరిగా అనే పేటలో పెరిగిన ఒలమిడే 2011లో మొదటి ఆల్బమ్ తెచ్చి ఆ దారిని చాలా దూరం తీసుకెళ్లాడు. ఇప్పుడు అక్కడి హెడీస్ అనే సంగీత అవార్డుల్లో స్ట్రీట్ హాప్‌కు విడిగా ఒక విభాగమే ఉంది. పేట భాషను పేటలో ఉంచినట్టే ఉంచి ఇంత దూరం తెచ్చారు వాళ్లు.

నేను చూసిన వాళ్ల ఇంటర్వ్యూల్లో నన్ను కట్టిపడేసింది ఒకటే. పాట గురించి అడిగితే ఎక్కువగా ఒక పేట పేరో, ఒక వాడుక మాటో, చిన్నప్పుడు ఇంట్లో మోగిన ఫూజీ సంగీతమో ముందు వస్తుంది. ఫూజీ గురించి విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. రంజాన్ నెలలో తెల్లవారుజామున సహరీకి జనాన్ని నిద్రలేపుతూ కుర్రాళ్లు వీధుల్లో పాడుకునే పాట నుంచి పుట్టిందట అది. దాన్ని సికిరు అయిండే బ్యారిస్టర్ అనే గాయకుడు పెద్ద సంగీతంగా నిలబెట్టాడు. సహరీకి లేపే పిలుపు వన్ టౌన్‌లో పెరిగిన ఎవరికైనా తెలుసు. మనం దాన్ని నిద్రమత్తులో విని పక్కకు తిరిగి పడుకున్నాం. వాళ్లు దాంట్లోంచి ఒక సంగీతాన్నే తీశారు.

చెప్పడం తర్వాత, ముందు దాచుకోవడం

పాట వచ్చిన ఆరు నెలలకు ఎవరో అడుగుతారు. అప్పటికి మీకు సగం గుర్తుండదు. గుర్తులేని చోట మనసు కథ అల్లేస్తుంది. "ఒక రాత్రి వర్షంలో ఒంటరిగా నడుస్తుంటే" అని మొదలయ్యే సమాధానాలు చాలావరకు అలా అల్లినవే. అందుకని పాట పుట్టిన రోజే లెక్క రాసుకోండి.

నా పద్ధతి ఇది. చెవిన ఏదైనా పడితే ఫోన్ తీసి ఇరవై సెకన్లు రికార్డు చేస్తాను. ఆ ఫైలుకు తేదీ, చోటు, ఎవరి దగ్గర విన్నానో ఆ మనిషి, ఈ మూడూ పేరుగా పెడతాను. తర్వాత పెడదాంలే అనుకుంటే నెల తిరిగేసరికి ఫోన్‌లో రెండొందల ఫైళ్లు ఉంటాయి, ఏది ఏదో తెలియదు. నాకు ఒకసారి అలాగే జరిగి, బస్టాండు దగ్గర షేర్ ఆటో అతను పిలిచిన పిలుపు ఒకటి పోగొట్టుకున్నాను. బెంజి సర్కిల్, పటమట, ఆటోనగర్ అనే మూడు పేర్లను అతను ఒక్క ఊపిరిలో, చివరి అక్షరాన్ని మింగేసి పిలిచాడు. లేగోస్‌లో డాన్‌ఫో అనే పసుపు రంగు వ్యాన్ల కండక్టర్లు కూడా ఊరి పేర్లను అలాగే అరుస్తారని ఆ కుర్రాడు చేసి చూపించినప్పుడు నాకు మళ్లీ అది గుర్తొచ్చింది. ఫైలు మాత్రం దొరకలేదు. మళ్లీ వెళ్లి నాలుగు రోజులు నిలబడ్డాను, ఆ ఆటో అతను కనపడలేదు.

పాట రాయడం పూర్తయ్యాక షెడ్డు బిల్లు బుక్కు వెనక కాగితం మీద మూడు లైన్లు రాస్తాను. శబ్దం ఎవరిది? మాట ఎవరిది? సంగతి ఎవరిది? నాలుగో పాటకు ఈ లెక్క అప్పుడే రాసి ఉంటే ఇలా ఉండేది: శబ్దం మేస్త్రిది, మాట మేస్త్రిది, సంగతి నాన్నది. రాసిన చెయ్యి, పాడిన గొంతు నావి. ఈ మూడు లైన్లూ రాయలేకపోతే ఆ పాట గురించి మాట్లాడటానికి మీరు ఇంకా సిద్ధంగా లేరని అర్థం. కొన్నిసార్లు పాటే ఇంకా సిద్ధంగా లేదని కూడా తెలుస్తుంది. ఒక పాటకు మూడు చోట్లా "సినిమాలో విన్నది" అని రాయాల్సి వచ్చింది. ఆ పాట బయట పెట్టలేదు.

బీట్ ఆన్‌లైన్‌లో కొనుక్కుంటే ఆ మాట చెప్పండి, చేసినవాళ్ల పేరు చెప్పండి. పాట కింద రాసే వివరాల్లో కూడా పెట్టండి. ఇందులో చిన్నతనం లేదు.

అడిగి తీసుకోవడం

అన్నిటికంటే కష్టమైన భాగం ఇది.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి మా సింగ్‌నగర్ మీదికి వచ్చింది. మా ఇల్లు కింది వాటా. ఒంటి మీద బట్టలతో పై వాటా పిన్ని వాళ్లింటికి ఎక్కేశాం. సొంత పిన్ని కాదు, కానీ నేను పిలిచేది పిన్ని అనే. నీళ్లు మెట్లెక్కడం మొదలుపెట్టాయి. కరెంటు లేదు, ఫోన్లు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. పిన్ని ఒక బొగ్గు ముక్క తీసుకుని మెట్ల గోడ మీద నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గీత గీసింది. గంటకోసారి దిగి చూసి ఇంకో గీత. పైకొచ్చి మాకు చెప్పేది: "ఆరో మెట్టు." కాసేపటికి "ఏడో మెట్టు." ఇంట్లో తొమ్మిది మందిమి. ఎవరం ఏం మాట్లాడుకుంటున్నా ఆ మాట వినపడగానే ఆగిపోయేవాళ్లం. తొమ్మిదో మెట్టు దగ్గర నీళ్లు నిలబడ్డాయి. తర్వాతి రోజుల్లో పైనుంచి డ్రోన్లు ఆహారం ప్యాకెట్లు వదిలాయి, ఫ్లైఓవర్ దాకా పడవలు నడిచాయి. నీళ్లు తీయడం మొదలయ్యాక పిన్ని మళ్లీ లెక్కపెట్టింది, ఈసారి వెనక్కి. ఎనిమిదో మెట్టు. ఏడో మెట్టు.

ఆ ఎక్కే లెక్క, దిగే లెక్కే నా పదో పాట. పల్లవిలో మెట్ల సంఖ్యలు తప్ప ఇంకేం లేవు. రాసింది ఒక్క రాత్రిలో. బయట పెట్టడానికి ఏడు నెలలు ఆగాను, ఎందుకంటే అది పిన్ని లెక్క. ఆ తొమ్మిది మందిలో నేనూ ఒకణ్ణే అయినా బొగ్గు ఆమె చేతిలో ఉంది.

అడగడానికి వెళ్లినప్పుడు నేను చేసిన మంచి పని ఒక్కటే. కాగితం ఇచ్చి చదవమనలేదు, పాడి వినిపించాను. మన పాటల మాటలు కాగితం మీద చూస్తే పెద్దవాళ్లకు వేరేగా కనపడతాయి. పాడి, ఆగి, "పిన్నీ, ఇది నీ లెక్క. బయట పెట్టమంటే పెడతాను, వద్దంటే చింపేస్తాను" అన్నాను. చింపేస్తానన్నది నిజంగానే అన్నాను. అడిగేటప్పుడు వద్దనడానికి కూడా చోటివ్వండి, లేకపోతే అది అడగడం కాదు. పిన్ని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఎనిమిదో మెట్టు దగ్గర రెండు గంటలు ఆగింది, నువ్వు వెంటనే తొమ్మిది అన్నావు" అంది. ఆ రెండు గంటల కోసం పాటలో ఎనిమిది తర్వాత మొత్తం బీట్ ఆపేశాను. ఇప్పుడు ఆ పాట విన్నవాళ్లు ముందుగా మాట్లాడేది ఆ నిశ్శబ్దం గురించే. అది నా తెలివి కాదు, పిన్ని దిద్దిన తప్పు. ఎక్కడ మాట్లాడినా ముందు ఆ సంగతి చెబుతాను.

చరణంలో ఉన్న ఒక విషయం మాత్రం తీసేయమంది. తీసేశాను. అదేంటో ఇక్కడ కూడా రాయను. ఇంటర్వ్యూలో "ఇంకా ఏమైనా జరిగిందా ఆ రాత్రి?" అని తప్పకుండా అడుగుతారు. "జరిగాయి, అవి నేను చెప్పేవి కాదు" అంటే సరిపోతుంది. ఎవరూ ఏమీ అనుకోరు.

పరాయి మాట చేతికొస్తే

లేగోస్ కుర్రాడి దగ్గర విన్న మాటల్లో నాకు బాగా పట్టుకున్నది "జాపా". యొరూబాలో తప్పించుకుని పారిపోవడం. ఇప్పుడు అక్కడ కుర్రకారు దాన్ని దేశం వదిలి వెళ్లిపోవడానికి వాడుతున్నారు, కెనడాకో, ఇంగ్లండుకో. వినగానే నాకు గుంటూరు, విజయవాడ కళ్ల ముందు కనపడ్డాయి. ప్రతి వీధిలో ఒక కన్సల్టెన్సీ బోర్డు, ప్రతి ఇంట్లో అమెరికా మాట. వెంటనే "జాపా జాపా" అని పల్లవి రాసి అతనికి వినిపించాను. నవ్వలేదు, మెచ్చుకోలేదు. "అన్నా, మీ వీధిలో దీన్ని ఏమంటారు?" అని అడిగాడు.

ఆ ప్రశ్న మీరు కూడా మీ పాటకు వేసుకోండి. నేను దానికి జవాబు వెతకడానికి రెండు నెలలు తిరిగాను. చివరికి జవాబు షెడ్డుకే వచ్చింది. ట్రావెల్స్ ఇన్నోవా నడిపే ఒక డ్రైవర్ బాబాయ్ బంపర్ సరిచేయించుకోవడానికి వచ్చాడు. పని ఎలా ఉంది బాబాయ్ అంటే "ఈ నెలలో ఏడు శంషాబాద్‌లురా" అన్నాడు. అంటే అమెరికా వెళ్లే పిల్లల్ని ఎక్కించడానికి ఏడు కుటుంబాలను హైదరాబాద్ ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లాడు. కాసేపాగి, "వెళ్లేటప్పుడు బండి నిండా మాటలే. తిరిగొచ్చేటప్పుడు సూర్యాపేట దాకా ఎవరూ నోరు తెరవరు, అక్కడ టీ దగ్గర వాళ్లమ్మ ఏడుస్తది" అన్నాడు.

జాపా తీసేశాను. పాట పేరు ఏడు శంషాబాద్‌లు అయింది. బాబాయ్‌ని అడిగాను, "రాసుకో, టీ కొట్టు పేరు మాత్రం రాయకు" అన్నాడు. పాట గురించి మాట్లాడేటప్పుడు జాపా సంగతి కూడా చెబుతాను. పాటలో ఆ మాట లేదు, కానీ తలుపు తెరిచింది ఆ మాటే. పరాయి మాటను అలంకారంగా పెట్టుకోవడం వేరు, దాని వల్ల మన మాట దొరకడం వేరు. రెండోది జరిగితే సంతోషంగా, పేరు పెట్టి చెప్పండి.

ఇంకొకటి. లేగోస్ పాటల్లో వాళ్ల కష్టం, వాళ్ల భయం ఉంటాయి. వాటిని మనవిగా చెప్పుకోకండి. మీ నాన్న ఉద్యోగం చేస్తూ మీ ఫీజు కడుతుంటే, మీరు ఫుట్‌పాత్ మీద పెరిగినట్టు మాట్లాడక్కర్లేదు. ఫీజు కట్టే నాన్న మీద రాయడానికి చాలా ఉంది. మీరు ఎంత కష్టపడ్డారో చూసి పాట బాగుందనే జనం కంటే, మీరు నిజం చెబుతున్నారని నమ్మే జనం ఎక్కువకాలం ఉంటారు.

తెలుగులోనే ఎందుకు అని అడిగితే

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. "మాతృభాష మీద ప్రేమ" అని ఆపేయకండి. ప్రేమ ఉంది సరే, భాష మీ పాటకు ఏం చేసిందో చెప్పండి.

యొరూబాలో పలికే స్వరానికి మూడు స్థాయిలున్నాయి: పైది, మధ్యది, కిందిది. ఒకే అక్షరాలు స్థాయి మారితే వేరే మాట అవుతాయి. అందుకే వాళ్ల మాట్లాడే డోలు మాట్లాడగలుగుతుంది. ఇసుక గడియారంలా నడుము సన్నగా ఉండే ఆ డోలుకు చుట్టూ తాళ్లుంటాయి. చంకలో పెట్టి నొక్కితే స్వరం పైకి పోతుంది, వదిలితే దిగుతుంది. అలా వాక్యాల్ని వాయిస్తారు. అక్కడ ర్యాప్ రాసేవాడు రాగాన్ని ఇష్టం వచ్చినట్టు తిప్పితే మాట అర్థమే మారే ప్రమాదం ఉంది.

మనకు స్థాయి లేదు, పొడుగు ఉంది. పడు, పాడు. కలం, కాలం. బీటుకు సరిపోలేదని "పడు"ను సాగదీస్తే అది "పాడు" అవుతుంది, కింద పడమన్నది పాటందుకోమన్నట్టు వినపడుతుంది. బడిలో లఘువు, గురువు అని గీతలు పెట్టించింది దీనికే. నాకు అప్పుడు ఎందుకో తెలియలేదు. మా మేస్త్రి దెబ్బల్లో మొదటి రెండూ లఘువుల్లా పొట్టిగా, మూడోది గురువులా పొడుగ్గా మోగుతాయని తెలిసిన రోజు మాటలు వాటంతటవే వచ్చి కూర్చున్నాయి. తర్వాత పల్లవిలో మాటలన్నీ ఆ కొలతకే ఏరుకున్నాను. ఇలాంటిది ఒక్కటి చెబితే వినేవాళ్లు పాటను మళ్లీ పెట్టుకుని వింటారు.

పాత సంగతి కూడా కలపండి, నిజంగా మీ ఇంట్లో ఉంటేనే. మా నాన్న చిన్నప్పుడు విజయవాడ రేడియోలో బుర్రకథ వచ్చే రోజు ఇల్లు కదిలేవారు కాదట. పొన్నెకల్లులో పుట్టి గుంటూరు జిల్లా అంతా తిరిగిన షేక్ నాజర్ పేరు నాన్న నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆయనకు 1986లో పద్మశ్రీ ఇచ్చారు. బుర్రకథలో మధ్యన కథకుడు, పక్కన ఇద్దరు. ఒకరు హాస్యం చెబుతారు, ఒకరు రాజకీయం అందుకుంటారు, ఇద్దరూ తందాన తాన అని వంత పాడతారు. లేగోస్‌లో అసాకే అని ఒక గాయకుడున్నాడు, యూనివర్సిటీలో నాటకకళ చదువుకున్నవాడు. అతని పాటల్లో పల్లవిని గుంపు గొంతులు అందుకుంటాయి. మొదటిసారి విన్నప్పుడు నాకు వంతలే వినపడ్డాయి. నా పాటలో గుంపు గొంతులు విని "వాళ్లను చూసి చేశావా?" అని నన్ను అడిగినప్పుడు అవునన్నాను. వాళ్ల పాటలో విన్నాను, విన్నాక మా నాన్న చెప్పిన వంతలు గుర్తొచ్చాయి, మా షెడ్డులో ఐదుగుర్ని నిలబెట్టి పాడించాను. జరిగిన వరసలోనే చెప్పాను. వరస మార్చి, మొదటి నుంచీ బుర్రకథే నా ఊపిరి అన్నట్టు చెప్పుకుంటే అది అబద్ధం.

కెమెరా ముందు

పాటను ముందు అది పుట్టిన చోట వినిపించండి. నేను మధ్యాహ్నం భోజనాలప్పుడు ఏదో ఒక కారు టాప్ మీద చిన్న స్పీకర్ పెడతాను. బాగుందా అని అడగను. వాళ్ల కాళ్లు, చేతులు చూస్తాను. ఎక్కడ తిండి ఆపి తలెత్తారో గుర్తుపెట్టుకుంటాను. ఇంటర్వ్యూలో మాట్లాడాల్సింది ఆ చోటు గురించే.

ముందురోజు ఒక్కసారి ఎవరికైనా గట్టిగా చెప్పి చూసుకోండి. అద్దం ముందు వద్దు, మనిషికి చెప్పండి. ఒక నిమిషం దాటకూడదు. వస్తువుతో మొదలుపెట్టండి: సుత్తి, మెట్టు, ఇన్నోవా. తర్వాత మనిషి. తర్వాత ఆ మనిషి అన్న మాట, వాళ్లు అన్నట్టే. మీ సంగతి చివర్లో రావాలి. ఇప్పుడు నన్ను నాలుగో పాట గురించి అడిగితే ఇలా చెబుతాను:

"మా మేస్త్రి రేకు మీద రెండు దెబ్బలు, ఇనప దిమ్మ మీద ఒక దెబ్బ వేస్తాడు. పాట నడక అదే. నలిగిపోయిన డోరును చూసి సాయంత్రానికి లేచి నిలబడుద్ది అన్నాడు ఒకరోజు. ఆ సంవత్సరం మా నాన్న యాక్సిడెంటై మంచం మీదున్నాడు. ఇంటికెళ్లి నాన్నకు ఆ మాట చెప్పాను. తర్వాత పాట రాశాను."

ఇంతే. పాట అర్థం విడమర్చి చెప్పకండి. చరణాన్ని లైను లైనుగా వివరించే పని పెట్టుకుంటే వినేవాళ్లకు వాళ్ల నాన్న, వాళ్ల మెట్లు గుర్తు రావడానికి చోటుండదు. పాట ఎక్కడిదో చెప్పడం మీ పని, పాట ఏంటో చెప్పడం కాదు.

టెన్షన్ వస్తే వచ్చిందనే చెప్పండి, ఒక గుక్క నీళ్లు తాగండి. ఎవరి పేరైనా చెప్పబోయే ముందు వాళ్లు సరేనన్నారో లేదో ఆ మూడు లైన్ల కాగితంలో చూసుకుని వెళ్లండి. నేను పేరు పక్కన చిన్న టిక్కు పెట్టుకుంటాను. టిక్కు లేకపోతే "ఒక బాబాయ్", "ఒక పిన్ని" అంటాను. మీ సమాధానం కత్తిరిస్తారని తెలిస్తే, బాకీ ఉన్న మనిషి మాటను మొదటి వాక్యంలోనే పెట్టండి. చివరి వాక్యం ఎప్పుడూ కత్తెరకు దొరుకుతుంది.

పోయిన నెలలో మెట్ల పాట గురించి మాట్లాడటానికి మళ్లీ పిలిచారు. వెళ్లే ముందు పైకెళ్లి పిన్నికి చెప్పాను. గోడకు సున్నం వేయించారు గానీ మెట్ల దగ్గర ఆ ముక్క మాత్రం వదిలేయమందట, బొగ్గు గీతలు అలాగే ఉన్నాయి. తొమ్మిదో మెట్టు మీద కూర్చుని కూర తరుగుతోంది. ఏం చెప్పబోతున్నానో మొత్తం వినిపించాను. విని, "ఎన్నింటికొస్తుందో ముందే చెప్పు, అప్పటికి వంట ముగించుకుంటాను" అంది.